అడుగున ఎర్ర చుక్క

జూన్ 12, 1990

కోరుట్ల ఎరువుల దుకాణం సేటు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ పొయ్యి రాజేయడానికి విసనకర్రగా పనికొచ్చింది. ఇవాళ పెన్ను తీస్తే నా భార్య భూదేవి, "ఏడో తరగతి తప్పినోనికి డైరీ గావలెనా" అని నవ్వింది. నవ్వనీ.

బడి తెరిచారు. హెడ్‌మాస్టరు విఠల్ సారు పొద్దున్నే నా హోటల్‌కొచ్చి, చాయ్ తాగి, మెల్లగా సంగతి చెప్పాడు. చనిపోయిన వాసుదేవరావు దొర కొడుకు హైదరాబాద్ నుంచి ఉత్తరం రాశాడట. కురుస్తున్న బడి కప్పు తీసేసి స్లాబు వేయిస్తాడు, ఇంకో నాలుగు గదులు కట్టిస్తాడు. ఒక్కటే షరతు. బడికి తండ్రి పేరు పెట్టాలి.

"పెట్టుండ్రి సారూ. బర్రెకు గూడ పేరు పెట్టుకుంటం, బడికేమాయె?" అన్నాను.

హోటలంతా నవ్వింది. నా పని అదే. చాయ్ ఎక్కడైనా దొరుకుతుంది, దశరథం నోరు ఎర్రగుట్టపల్లెలోనే దొరుకుతుంది. పోయిన యేడు పోస్ట్‌మన్ సైకిల్‌ను చింతచెట్టు ఎక్కించింది నేనే. ఆయన ఇప్పటికీ కోతుల పని అనుకుంటున్నాడు.

సారు నవ్వలేదు. "ఊరంత కూసోని మాట్లాడుకుందం. వద్దనేటోళ్లు ఎందుకు వద్దో చెప్తరు. వచ్చే నెల పదిహేను, ఐతారం" అన్నాడు.

నవ్వులాటకు అన్నాను గానీ అప్పటి నుంచి ఏం బాగాలేదు. ఎండ దెబ్బేమో.

జూన్ 14

హోటల్లో ఇవాళ విఠల్ సారుకీ ఊర్మిలకీ పడింది. ఊర్మిల బాల్వాడీ టీచరు, మాదిగవాడలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల. మాట నెమ్మదిగా వస్తుంది, వచ్చాక వెనక్కి పోదు.

సారు సంచిలోంచి ఒక ఫోటో తీశాడు. 1972లో బడి ప్రారంభం రోజుది. బల్ల మీద నడుమ దొర. ఒక పక్క కరీంనగర్ నుంచి వచ్చిన ఆఫీసరు. ఇంకో పక్క మాదిగవాడ ముత్యం, అప్పటికి పాతికేళ్లుంటాయి. ముగ్గురి చేతుల్లో చాయ్ గ్లాసులు. దొర ఆఖరి గుక్క కోసం గ్లాసు పైకెత్తాడు.

"సూడుండ్రి" అన్నాడు సారు. "మూడుసార్లు సమితి ప్రెసిడెంటు అయినోడు. రోడ్డు తెచ్చిండు, కరెంటు తెచ్చిండు, బడి తెచ్చిండు. గా బడి లేకుంటే నేను సిరిసిల్లల మగ్గం గుంతల కూసుందును. డెబ్బై రెండుల ఏ దొర గిట్ల మాదిగాయన పక్కన కూసోని చాయ్ తాగిండు? కులం పట్టింపు ఉన్నోడు గిట్ల కూసుంటడా?"

ఊర్మిల ఫోటోను చేతిలోకి తీసుకుని చూసింది. ముత్యం ఆమెకు పెదనాన్న. "ఫోటో పగటిది సారూ. గా రోజు పొద్దుగూకినాక మా పెదనాయినను దొర గడీల కట్టేసి కొట్టి ఊరు ఎల్లగొట్టిండ్రు. దానికి ఫోటో లేదు."

"గ్లాసు దొంగిలించిండని కొట్టిండ్రు. కొట్టుడు తప్పే, నేను కాదంటలేను. కని కులానికి కొట్టలేదు."

"మా పెదనాయిన దొంగ కాదు."

"గా కాలమే గసుంటిది బిడ్డా."

"గా కాలంల మా పెదనాయిన గూడ ఉండె గద సారూ. గా కాలం దొర ఒక్కనిదేనా?"

ఆ తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు. బడి ప్రారంభం రోజు చాయ్ పోసింది నేనే.

"దశరథం, నువ్వు చెప్పు. అందరికీ ఒక్క గ్లాసులేనా, ఏరేనా?" అన్నాడు సారు.

"ఒక్కతీరు గ్లాసులే సారూ."

ఊర్మిల నన్ను చూసి లేచి వెళ్లిపోయింది.

జూన్ 15

అబద్ధం చెప్పలేదు. ఒక్కతీరు గ్లాసులే. కోరుట్లలో కొన్నవి.

జూన్ 19

బస్‌స్టాండు గోడ మీద ఎర్ర అక్షరాల పోస్టరు వెలిసింది. దొర పేరు పెడితే ఊరుకోమని. అడవిలోని అన్నలదో, అన్నల పేరుతో ఎవరిదో. పది గంటలకల్లా జీపు వచ్చింది. ఎస్సై నా బల్ల మీద కూర్చుని, "ఎవలు అతికిచ్చిండ్రో ఎరుకేనా?" అన్నాడు.

"మైదాపిండి ఎవలింట్ల తక్కువైందో ఆడోళ్లను అడుగుండ్రి సారూ" అన్నాను.

నవ్వాడు. ఆయన నవ్వినప్పుడే ఎక్కువ భయం. రెండు వైపుల వాళ్లకూ అదే పొయ్యి మీద చాయ్ కాచి పదేళ్లయింది. ఎవరు ఏ వైపో మొహం చూసి చెప్పగలను, చెప్పకుండా ఉండడం కూడా నేర్చాను. అలసిపోయాను.

జూన్ 23

చాయ్‌పత్తా కోసం జగిత్యాల పోతుంటే సారు పని అప్పజెప్పాడు. ఆ ఫోటోను పెద్దది చేయిస్తున్నాడు, మీటింగులో గోడకు పెట్టడానికి. అప్పట్లో ఫోటో తీసిందీ అక్కడి స్టూడియోనే, నెగెటివ్ వాళ్ల దగ్గరే ఉంది.

స్టూడియో ఆయన ఫోటోను బల్ల మీద పరిచాడు. కిటికీ తలుపంత ఉంది. దొర మీసం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ముత్యం నవ్వీనవ్వనట్టు ఉన్నాడు, ఎక్కడ చూడాలో తెలియక మోకాళ్ల వైపు చూస్తున్నాడు. దొర ఎత్తిన గ్లాసు అడుగు కెమెరా వైపు ఉంది. అక్కడ నల్లటి మచ్చ, కందిగింజంత.

"గదేంది?" అన్నాను.

"నెగెటివ్ గీరుకపోయిందేమో. తీసెయ్యాల్నా?"

"తీసెయ్."

బ్లేడు మొనతో మెల్లగా గీకాడు. సన్న కుంచెతో పైన రంగు అద్దాడు. నేను చాయ్ తెప్పించుకునేలోపు అయిపోయింది. పాత ఫోటో నుంచి మరకలు తీయించడంలో తప్పేముంది? సారు కూడా అదే చెప్పేవాడు. ఎరుపు రంగు నలుపు తెలుపు ఫోటోలో నల్లగా పడుతుందని నాకేం తెలుసు.

జూన్ 24

పొద్దున్నే రాస్తున్నాను, పొయ్యి వెలిగించక ముందే.

అప్పట్లో నా హోటల్లో లోపల కూర్చునేవాళ్లకు గాజు గ్లాసులు. మాదిగవాడ వాళ్లకు సత్తు గ్లాసులు, బయట చూరులో దోపి ఉండేవి. వాళ్లే తీసుకోవాలి, నేను పైనుంచి పోయాలి, వాళ్లే కడిగి వాళ్లే మళ్లీ దోపాలి. ఇది దొర పెట్టిన రివాజు కాదు. అన్ని ఊళ్లలో ఉన్నదే. (చూశావా, విఠల్ సారులా మాట్లాడుతున్నాను.)

బడి ప్రారంభానికి పెద్ద ఆఫీసరు వస్తున్నాడని దొర నన్ను గడీకి పిలిపించాడు. చూరులో గ్లాసులు ఆఫీసరు కంట పడితే కేసు. అందుకని కోరుట్ల నుంచి రెండు డజన్ల గాజు గ్లాసులు తెప్పించాడు, అన్నీ ఒక్కతీరువి. "ఒక డజనుకు అడుగున గుర్తు పెట్టు. గవి వాడోళ్లకు. నీకు తప్ప ఎవనికీ ఎరుక ఉండద్దు" అన్నాడు.

ఎడ్ల కొమ్ములకు పూసే ఎర్ర రంగు తెచ్చి పన్నెండు చుక్కలు పెట్టాను. దొర తెలివికి లోపల దండం కూడా పెట్టాను. చూసేవాళ్లకు సమానం, చూడనివాళ్లకు కూడా సమానమే, తేడా ఒక్క అడుగున.

ఆలోచన దొరది. చేయి ఒక్కటే నాది.

జూన్ 28

రాసేస్తాను. ఎవడు చదువుతాడు.

ఆఫీసరు ఉపన్యాసం దంచుతున్నాడు. నేను పళ్లెంలో గ్లాసులు సర్దుతున్నాను, కుడి వైపు మామూలువి, ఎడమ వైపు చుక్కవి. ఒకటి తిప్పితే ఏమవుతుంది అనిపించింది. అంతే. కులం గురించి కాదు, న్యాయం గురించి కాదు. చేతి దురద. ఎడమ వైపు నుంచి చుక్క గ్లాసు తీసి దొర చేతికిచ్చాను. నా చేయి వణకలేదు. ఆయన ఊదుకుంటూ తాగుతుంటే బడి వెనక్కి పోయి, గోడకు తల ఆనించి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. నా బతుకులో అంత మంచి తమాషా మళ్లీ చేయలేదు. ఎవరికీ చెప్పుకోలేని తమాషా.

ఒకటి మరిచిపోయాను. తాగినాక గ్లాసు బోర్లించడం దొర అలవాటు, ఇంక పోయొద్దని గుర్తు. బోర్లించాడు. ఎర్ర చుక్క ఆకాశం వైపు చూసింది. ఆఫీసరు ముందు ఆయన మొహంలో ఒక్క గీత కదలలేదు. ముత్యం భుజం కూడా తట్టాడు.

సాయంత్రం గడీలో, "ఎవడురా?" అని అడిగాడు. ఎవరో ముత్యం పేరు చెప్పారు.

జూన్ 29

ఎవరో అంటే, అక్కడ ఉన్నది దొర, నేను, గోడ.

జూలై 2

ఊర్మిల వచ్చింది. చాయ్ వద్దంది.

"మామా, పెదనాయిన సిరిసిల్లల ఉన్నడు. మీటింగుకు రమ్మని రెండు ఉత్తరాలు రాసిన. జవాబు లేదు. నువ్వు ఆయన ఈడోనివి. నువ్వు పోయి పిలిస్తే అస్తడేమో."

"నేనా? నన్ను చూస్తే నవ్వుతడు బిడ్డా, మీటింగుకు రాడు."

"నవ్వినా మంచిదే. ఆయన నవ్వంగ నేను ఎన్నడు చూడలే."

సరేనన్నాను. ఇంకేమంటాను.

జూలై 3

పోను.

జూలై 5

పోను. నడుము నొప్పి. వర్షాలు పడేలా ఉన్నాయి. హోటల్ ఎవరు చూస్తారు.

"నేను చూస్త. పో" అంది భూదేవి. ఈమెకు ఏం తెలుసో, ఎంత తెలుసో, ఇరవై యేళ్లుగా అంతు పట్టలేదు.

జూలై 7

వేములవాడ దాకా ఒక బస్సు, గుడిలో గుండ్లు గీయించుకోవడానికి పోతున్న వాళ్లతో, బెల్లం బుట్టలతో. అక్కడి నుంచి సిరిసిల్ల ఇంకో బస్సు. దిగగానే సాంచాల చప్పుడు, కరెంటు మగ్గాలది. ఊరు మొత్తం పళ్లు కొరుకుతున్నట్టుంది.

ముత్యం ఒక నూలు గోదాం దగ్గర హమాలీ. నూలు చుట్టిన భీములను సాంచాల షెడ్లకు మోస్తాడు. నేను పోయేసరికి ఒకటి దించి చెమట తుడుచుకుంటున్నాడు. జుట్టు నెరిసింది. ఎడమ భుజం కిందికి దిగింది. మోత వల్ల కావచ్చు. మోత వల్లే.

"దశరథం గదా" అన్నాడు. ఊళ్లో ఉన్నప్పుడు బావా అనేవాడు.

పక్కనే ఉన్న చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయాడు. గ్లాసు చేతికి రాగానే ఎత్తి అడుగు చూశాను. నాకు తెలియకుండానే చూశాను.

"చూడకు. గీడ అడుగున ఏముండదు" అన్నాడు.

గ్లాసు దించాను. "నీకు చుక్కల సంగతి ఎరుకేనా?"

"మా గ్లాసులు మేమే కడుక్కుంటిమి గద. అడుగు చూడమా? గా రోజు చాయ్ తాగి బడి ఎనుక కడుగుకుంట చూసినం. పన్నెండు మందిమి పోతే పదకొండు గ్లాసులకే చుక్క. ఒకటి తక్కువ. నేను అప్పుడే అనుకున్న, పన్నెండోది ఎవని మూతికి పోయిందో అని."

దొర ఒక ఆఫీసరును మోసం చేశాడు, ఊరంతటినీ మోసం చేశాడు. గ్లాసు కడిగేవాడు దాని అడుగు చూస్తాడన్న సంగతి ఆయనకు తోచలేదు, నాకూ తోచలేదు. ఆయన ఎన్నడూ గ్లాసు కడగలేదు. నేను కడిగేవాణ్ణే, అయినా తోచలేదు.

అప్పుడు చెప్పేశాను. బస్సులో మనసులో వల్లించుకున్నదంతా. మార్చింది నేనేనని, నవ్వులాటకు చేశానని, మీటింగులో ఊరందరి ముందు ఒప్పుకుంటానని, నీ మీద పడ్డ మచ్చ తుడిచేస్తానని. చెబుతుంటే కడుపు తేలికైంది. కొంచెం ఏడుపు కూడా వచ్చింది, మంచిగానే అనిపించింది.

ముత్యం చాయ్ తాగడం ఆపలేదు.

"ఏం మచ్చ?" అన్నాడు.

"గదే. నువ్వు మార్చలే గద."

"మార్చిన."

"మార్చింది నేను ముత్యం!"

"నువ్వు ముందుగాలనే ఇంటికి పోయినవ్ దశరథం, తర్వాత ఏమైందో నీకు ఎరుక లేదు. నా పేరు చెప్పి పోయినవ్. నువ్వు పోవుడు నేను చూసిన. నేను ముందు కాదన్న. నాలుగు దెబ్బల దాక కాదు దొరా, నేను కాదు దొరా అన్న. అంటుంటే తోచింది. నేను కాదు నేను కాదు అంటున్న అంటే, మార్చుడు తప్పని నేనే ఒప్పుకుంటున్న గద? ఇగ అన్న. అవ్, నేనే మార్చిన. మా గ్లాసుల తాగినవ్. ఏమైంది దొరా, సచ్చినవా అన్న."

గ్లాసు కింద పెట్టాడు.

"గప్పుడు మస్తు కొట్టిండ్రు. కని గా దెబ్బలు నాయి. గంతకు ముందు కొట్టినయి నీయి."

నా గ్లాసు కూడా కింద పెట్టాను.

"నువ్వు పోయి నేనే మార్చిన అంటవ్. ఊరోళ్లు ఏమంటరు? అయ్యో పాపం, ముత్యం ఏ తప్పు చెయ్యలే, ఉత్తగనే కొట్టిండ్రు అంటరు. అంటే మార్చినోన్ని కొట్టుడు సరేనా? నువ్వు నవ్వులాటకు చేసినవ్. నేను చేసిన అంటే దానికో అర్థముంటది. పద్దెనిమిది ఏండ్లు మోసిన. గీడ నా కొడుకులకు ఎరుక, నాతోటి భీములు మోసేటోళ్లకు ఎరుక. దెబ్బలు నాయి. పని గూడ నాదే ఉండనియ్యి."

"మరి నేనేం చెప్పాలె?"

"చుక్కలు పెట్టిన అని చెప్పు. నా పేరు చెప్పిన అని చెప్పు. గవి నీయి."

మీటింగుకు రానన్నాడు. షెడ్డులో ఎవరో కేకేశారు. భుజం మీద తువ్వాల సర్దుకుని లేచాడు. "ఊర్మిల మంచిగున్నదా?" అన్నాడు. మంచిగున్నదని చెప్పాను.

బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది. తమాషా నాది. ఇరవై నాలుగు గ్లాసుల్లో ఒకటి ఏరి దొర చేతికిచ్చింది నేను. మంచి సగం వాడు ఉంచుకుని, చెడ్డ సగం నాకిచ్చాడు.

జూలై 8

మంచి సగం అని రాశాను నిన్న. భుజం చూసి కూడా.

జూలై 12

భూదేవికి చెప్పాను. మొత్తం. పప్పు ఏరుతూ విన్నది.

"దొరకు పేర్లు చెప్పినోళ్ల సంగతి ఏమైందో ఎరుకే గద నీకు. పక్కూరి పట్వారీని అన్నలు బడి ముంగట్నే నిలవెట్టి అడిగిండ్రు" అంది.

"ఎరుకే."

"చెప్తవా?"

"ఎరుక లేదు."

"చెప్పకుంటే గిట్లనే ఉంటవా? నెల నుంచి తిండి లేదు, నవ్వు లేదు. నవ్వని మొగనితోటి నేనేం చెయ్యాలె?"

జూలై 14

రేపు. ఏమీ చెప్పకుండా మధ్యలో వచ్చేయొచ్చు, జ్వరమని.

జూలై 15, ఐతారం

బడి వరండా నిండింది. గోడకు ఆ పెద్ద ఫోటో.

విఠల్ సారు గంటసేపు మాట్లాడాడు. అబద్ధం ఒక్కటి లేదు. రోడ్డు ఎప్పుడు పడింది, కరెంటు ఎప్పుడు వచ్చింది, బడి కోసం దొర హైదరాబాద్ ఎన్నిసార్లు తిరిగాడు. "మనిషిల మంచి చెడ్డ రెండుంటయి. చెడ్డను మట్టిల కలుపుదం, మంచికి దండం పెడదం" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. నేనూ కొట్టాను.

ఊర్మిల లేచింది. "సారూ, నేను గీ బళ్లెనే చదివిన. తలుపు దగ్గర చాప ఏసిండ్రు మాకు. కుండల నీళ్లు ముట్టనియ్యలే, దోసిలి పడితే పోసిండ్రు. బడి దొర తెచ్చిండు, నిజమే. తలుపు దగ్గర చాప ఎవలు తెచ్చిండ్రు?"

"దొర బడిల కూసున్నడా బిడ్డా, చాపలు ఏసుటానికి?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"ఆయన వద్దు అంటే ఏసేటోళ్లా?"

అరుపులు మొదలయ్యాయి. అటు నలుగురు, ఇటు నలుగురు. సారు చేతులెత్తి ఆపి, ఫోటో వైపు చూపించాడు. "గిది చూసి చెప్పుండ్రి. ఒక్కతీరు గ్లాసులు. దశరథమే చెప్పిండు."

నేను లేచాను. లేవగానే జనం ముందే నవ్వడం మొదలుపెట్టారు, ఏదో వదులుతానని. ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. నా మొహం చూసి ఒక్కొక్కరే ఆగారు.

"గ్లాసులు ఒక్కతీరుయే. మాదిగవాడోళ్ల గ్లాసుల అడుగున ఎర్ర చుక్క ఉండె. దొర పెట్టమన్నడు, నేను పెట్టిన. ఎడ్ల కొమ్ముల రంగు తోటి. ఆఫీసరుకు కనవడకుంట."

గోడ మీది ఫోటో వైపు వేలు చూపించాను.

"గా రోజు దొర చుక్క ఉన్న గ్లాసుల తాగిండు. ఎవడు మార్చిండురా అని నన్ను అడిగిండు." నేనే అనే మాట పళ్ల దాకా వచ్చింది. మింగాను. "ముత్యం మార్చిండు దొరా అని నేను చెప్పిన. గందుకే కొట్టిండ్రు. దొంగతనం గాదు."

"దశరథం" అన్నాడు సారు. ఫోటో దగ్గరికి నడిచాడు. "ఫోటోల దొర గ్లాసు అడుగు కనవడుతున్నది. చుక్క ఏది?"

"జగిత్యాలల నేనే గీకిపిచ్చిన సారూ. నెగెటివ్ చూడుండ్రి, అండ్ల ఉంటది."

వెనక నుంచి ఒక ముసలాయన, "ఇది గూడ నవ్వులాటేనా ఏందిరా?" అన్నాడు.

"కాదు."

ముత్యం తమ్ముడు, ఊర్మిల తండ్రి, ముందుకు వచ్చాడు. కొడతాడనుకున్నాను. మొహం దగ్గరగా పెట్టి చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కొడితే బాగుండేది.

పేరు సంగతి తేలలేదు. నెగెటివ్ చూసి వచ్చి చెబుతానని సారు మీటింగు ముగించాడు.

జూలై 16

హోటల్‌కు ముగ్గురే వచ్చారు.

జూలై 18

ఎవరో ఇద్దరు కొత్తవాళ్లు. చెప్పుల మీద ఎర్రమట్టి. చాయ్ తాగారు. "నువ్వేనా దశరథం?" అన్నాడొకడు.

"నేనే."

"మీటింగుల చెప్పింది నువ్వేనా?"

"నేనే."

గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. సాయంత్రం దాకా పాలు మూడుసార్లు పొంగబెట్టాను.

జూలై 19

విఠల్ సారు జగిత్యాల పోయి వచ్చాడు. హోటల్లో ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చి కూర్చున్నాడు.

"చూసిన" అన్నాడు. "ఉన్నది."

నేను చాయ్ పోశాను. తాగలేదు, ఊరికే పట్టుకున్నాడు.

"గా బళ్లె నేను మొదటి బ్యాచు దశరథం. మా నాయినకు నన్ను చదివిచ్చే తాకతు లేకుండె. దొర పుస్తకాలు ఇప్పిచ్చిండు. తల మీద చెయ్యి పెట్టి, మంచిగ చదువుకోరా అన్నడు. అది అబద్ధం కాదు."

"కాదు సారూ."

"ఇది గూడ అబద్ధం కాదు."

"కాదు."

"నాకు చుక్క లేని గ్లాసు దొరికింది. గంతే గద?"

పేరు పెట్టడం కుదరదని దొర కొడుక్కు తానే ఉత్తరం రాస్తానన్నాడు. పోతూ పోతూ, "ఆరో తరగతి మీద కప్పు మొత్తం కురుస్తున్నది. పిల్లలను యాడ కూసోవెట్టాలె?" అన్నాడు. నన్ను అడిగాడో, తనను తాను అడుగుకున్నాడో.

జూలై 27

వాన. స్లాబు రాదని రూఢి అయింది. ఆరో తరగతి వరండాలో. నా వల్లేనని ఇద్దరు నా మొహం మీదే అన్నారు. వాళ్ల పిల్లలు తడుస్తున్నారు, అననీ.

హోటల్‌కు జనం మళ్లీ వస్తున్నారు. వానకు ఇంకెక్కడికి పోతారు. కానీ నా నోరు కోసం ఎవరూ రావడం లేదు. చాయ్ తాగి పోతున్నారు.

ఆగస్టు 4

మూడు రోజులుగా ముసురు. పొద్దున హోటల్ నిండుగా ఉంది. మాటలు ముత్యం మీదికి మళ్లాయి. ఈ మధ్య రోజూ అదే. ఒకడంటాడు, ముత్యం ముందు రోజే పథకం వేశాడని. ఇంకొకడు, దొర కళ్లల్లోకి చూస్తూ గ్లాసు అందించాడని. అందించింది పళ్లెం పట్టుకున్నవాడు కదా, పక్కన కూర్చున్నవాడు ఎట్లా అందిస్తాడు? అంతా తప్పు. వరస తప్పు, చేతులు తప్పు. నేను పొయ్యి దగ్గర నిలబడి వింటున్నాను. చక్కెర సరిపోయిందా అని అడుగుతున్నాను.

ఊర్మిల వచ్చింది, బాల్వాడీ పిల్లల్ని ఇళ్లకు పంపేసి. గొడుగు మూలకు పెట్టి లోపలి బల్ల మీద కూర్చుంది. చాయ్ అడిగింది. ఇచ్చాను.

"మామా, నువ్వు ఆడనే ఉంటివి గద. గీళ్లు ఇష్టమున్నట్టు చెప్తున్నరు. ఎట్ల మార్చిండో నువ్వు చెప్పు."

హోటలంతా నా వైపు తిరిగింది. ఇరవై రోజుల తర్వాత.

చెప్పాను. ఆఫీసరు ఉపన్యాసం సాగుతున్నది, అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయన్నాను. పళ్లెంలో కుడి వైపు మామూలువి, ఎడమ వైపు చుక్కవి. నేను పాలకని అటు తిరిగానన్నాను. ముత్యం లేచి వచ్చి, ఎడమ వైపు నుంచి ఒక గ్లాసు తీసి కుడి వైపు దొర గ్లాసు జాగాలో పెట్టాడని, అక్కడిది ఇక్కడ పెట్టాడని, రెండు గ్లాసులు తగిలి చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టాడని చెప్పాను. ఆ వేలు నాది. చెబుతుంటే నా వేలు మడత పడింది, తువ్వాలలో దాచుకున్నాను.

"చెయ్యి వణికిందా?" అని అడిగింది ఊర్మిల.

"వణకలే."

"దొర తాగుతుంటే పెదనాయిన ఏం జేసిండు?"

"చూసుకుంట కూసున్నడు."

ఊర్మిల గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. ఆమె ఆ రోజును చూస్తున్నది, నా మొహంలో వెతుక్కుంటూ.

"నవ్విండా?"

"లేదు బిడ్డా" అన్నాను. "నవ్వలే."